1323లో రెండు రాళ్లు

వరంగల్ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకోవడానికి ‘కోట’ అని కూడా అనక్కర్లేదు. ‘ఖిల్లా’ అంటే చాలు, బేరం మొదలవుతుంది. సంక్రాంతి వెళ్లిన మూడోనాటి పొద్దున ఆ బేరమాడినవాళ్లు ఇద్దరు. ఒకాయన రిటైరైన సోషల్ సార్. రెండోవాడు ఆయన మేనల్లుడు, పుట్టింది హనుమకొండలో, ఏడేళ్లుగా ఉద్యోగం స్టాక్‌హోమ్‌లో. భుజాన సంచీ, సంచీలో సకినాల డబ్బా, నీళ్ల సీసా. అల్లుడికి ఖిల్లా కొత్తేమీ కాదు. బడి పిల్లాడిగా పిక్నిక్‌కి వచ్చి, తోరణం కింద నిలబడి ఫొటో దిగి వెళ్లినవాడే. ఈసారి మాత్రం ఒక ఏడాదిని వెతుక్కుంటూ వచ్చాడు.

“మామా, 1323 అంటే నీకేం యాదికొస్తది?”

“ఓరుగల్లు పడ్డది. ఇంకేం యాదికొస్తది?”

“మా దగ్గర ఆ ఏడు సరిహద్దు గీసుకున్నరు.”

“మీ దగ్గరంటే? నీది హనుమకొండనే కదరా!”

సార్ నవ్వాడు గానీ అల్లుడి మాట అబద్ధం కాదు. 1323 ఆగస్టు 12న స్వీడన్ రాజ్యమూ, నొవ్‌గొరొద్ గణరాజ్యమూ ఒక సంధి రాసుకున్నాయి. ఆ రెండింటి మధ్య హద్దు ఎక్కడిదాకా అని కాగితం మీద పెట్టుకోవడం అదే మొదలు. ఇక్కడ ఢిల్లీ సైన్యం ఓరుగల్లు గోడల చుట్టూ బిగిసి, చివరికి లోపలికి వచ్చింది కూడా ఆ ఏడాదే. ఇక్కడివాళ్లకు అక్కడి సంగతి తెలిసే దారి లేదు, అక్కడివాళ్లకూ అంతే. అయినా రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఓరుగల్లు కథలో ఇన్నాళ్లూ పట్టించుకోని మూలలు కొన్ని కనిపిస్తాయి.

ఆటో శివనగర్ దాటి మట్టికోటను చీల్చుకుని లోపలికి వెళ్తుంది. చాలామంది దీన్ని గుట్ట అనుకుంటారు. తుమ్మచెట్లు, గడ్డి, మధ్యమధ్య మేకలు. పేరుకే మట్టి గానీ దీని గట్టితనం గురించి ఆ కాలంలోనే ఒక కవి రాసిపెట్టాడు. అల్లావుద్దీన్ ఖిల్జీ ఆస్థానంలోని అమీర్ ఖుస్రో, 1310లో మాలిక్ కాఫర్ చేసిన ముట్టడిని వర్ణిస్తూ, ఉక్కు బల్లెం కూడా ఆ మట్టిలో దిగేది కాదనీ, యంత్రంతో విసిరిన రాతిగుండు పిల్లలాడుకునే గింజకాయలా ఎగిరి వెనక్కి పడేదనీ అన్నాడు. శత్రువు పక్షం కవి చేతి మెప్పు ఇది. గోడ కట్టినవాళ్లకు ఇంతకన్నా గొప్ప బిరుదు దొరకదు.

ఆ గింజకాయ దగ్గర అల్లుడు ఆగిపోయాడు. స్వీడన్ సంధి జరిగిన చోటు పేరే గింజకాయ. లదోగా సరస్సులోంచి నేవా నది బయలుదేరే చోట చిన్న దీవి ఒకటుంది. చాక్లెట్లలో వేసే హేజల్‌నట్ చెట్ల పేరు మీద రష్యన్లు దాన్ని ఒరెఖొవ్ అన్నారు, ఫిన్లాండ్ వాళ్లు పహ్కినాసారి అన్నారు, స్వీడన్ వాళ్లు నోటెబోర్గ్ అన్నారు. మూడు భాషల్లోనూ అర్థం ఒకటే. మనమూ అదే పని చేశాం. తెలుగులో ఓరుగల్లు, అంటే ఒంటిరాయి. దాన్నే సంస్కృతంలోకి మార్చి ఏకశిలానగరం అన్నారు. ఆ రాయి ఇప్పటికీ ఖిల్లా మధ్యలో గుట్టలా నిలబడి ఉంది. మెట్లెక్కి పైకి వెళ్తే ఊరంతా కనిపిస్తుంది.

రాతికోట ద్వారం తిన్నగా ఉండదు. ఒక వంపు, మళ్లీ ఇంకో వంపు. ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపుల్ని ఢీకొట్టకుండా ఆ మెలిక. కాకతీయ రాజు గణపతిదేవుడు రాజధానిని హనుమకొండ నుంచి ఇక్కడికి మార్చాడు, రాతిగోడ ఎత్తు పెంచి బురుజులు కట్టించింది ఆయన కూతురు రుద్రమదేవి. బురుజులు 45 అంటారు. ద్వారం లోపల ఒక ఊరు ఉంది, కోట పాడుబడినా ఊరు పాడుబడలేదు. ఇళ్లు, బడి, కిరాణా కొట్టు, గడ్డిమోపులు. కాకతీయుల నాటి చెక్కుడు రాయి ఒకటి ఎవరింటి ముందో అరుగుగా ఉంది. ముసలమ్మ దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

మధ్యలోకి వచ్చేసరికి నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్ర మీద చూసి చూసి అలవాటైన ఆకారం. నిజంగా ఎదురుగా నిలబడితే మాత్రం, ఇంత బరువైన రాయి ఇంత తేలిగ్గా ఎలా కనిపిస్తోందని అనుమానం వస్తుంది. నాలుగు దిక్కులా నాలుగు. వాటి నడుమ ఉండాల్సిన స్వయంభూ దేవాలయం లేదు. నేలమీద స్తంభాలు, దూలాలు, విరిగిన హంసలు, పద్మాలు వరసగా పేర్చి ఉన్నాయి. గుడి కూల్చినవాళ్లు తోరణాలు ఎందుకు వదిలేశారు? వాటి మీద దేవుళ్ల బొమ్మలు లేవు కాబట్టి అని ఒక జవాబు. గుడి స్థలంలో కట్టిన మసీదుకు అవే నాలుగు వైపులా ముఖద్వారాల్లా పనికొచ్చాయని కొందరు చరిత్రకారుల జవాబు. సార్ రెండోదాని వైపు మొగ్గాడు. “గెలిచినోడు ఊరికే ఏదీ ఇడ్వడు. పనికొస్తదంటెనే ఉంచుతడు.”

ఇక్కడ కూర్చుని 1323 కథ చెప్పుకోవాలి. అసలు మొదలు మూడేళ్ల ముందు.

1320లో ఢిల్లీ గద్దె మీదికి గియాసుద్దీన్ తుగ్లక్ వచ్చాడు. అంతకుముందు ఢిల్లీలో సాగిన కుట్రల గందరగోళంలో ఓరుగల్లు రాజు ప్రతాపరుద్రుడు కప్పం ఆపేశాడు. 1310 నుంచి కడుతూ ఆపుతూ వచ్చిన కప్పమే అది. కొత్త సుల్తాను తన కొడుకు ఉలుగ్ ఖాన్‌ను పంపాడు. తర్వాతి కాలంలో మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా పేరుపడ్డవాడు అతనే. నెలల తరబడి ముట్టడి సాగింది. కోట లొంగే దశకు వచ్చేసరికి ఢిల్లీ నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. దారిలో టపా చౌకీలు చెదిరిపోయాయి. నెలకు పైగా కబురు లేదు. ఇంకేముంది, సుల్తాను చచ్చిపోయాడని శిబిరంలో పుకారు లేచింది. ఆ పుకారు లేపినవాళ్లలో ఒక కవి కూడా ఉన్నాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. సర్దార్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఉలుగ్ ఖాన్ దేవగిరికి పారిపోవాల్సి వచ్చింది.

ఓరుగల్లులో పండగే అయి ఉంటుంది. గండం గడిచిందనుకుని గాదెలు తెరిచారనీ, కోటలోకి చేరిన జనం పొలాలకు తిరిగి వెళ్లారనీ చెబుతారు. ఏళ్ల తరబడి ముట్టడికి సరిపోయేలా దాచిన ధాన్యం అది. ఉలుగ్ ఖాన్‌కు నాలుగు నెలల్లో కొత్త సైన్యం అందింది. ఈసారి తొందరపడలేదు. ముందు బీదర్, ఆ తర్వాత బోధన్ పట్టుకుని, వెనక దారి భద్రం చేసుకుని, టపా తెగకుండా చూసుకుని వచ్చాడు. మొదటిసారి తెగింది టపా గొలుసు అని అతనికి అర్థమైంది. దాదాపు ఐదు నెలలకు కోట లొంగింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది, ఆ పేరుతో నాణేలు కూడా పడ్డాయి. మరుసటి ఏడు, 1324లో, రాజమండ్రిలో ఉలుగ్ ఖాన్ కాలపు మసీదు శాసనం వెలిసింది.

తోరణాలకు కొద్ది దూరంలో ఖుష్ మహల్ ఉంది. లోపలికి వాలిన గోడలు, కోసు కమాన్లు, పొడుగాటి హాలు. పదహారో శతాబ్దపు షితాబ్ ఖాన్ కట్టించాడని చాలాకాలం రాసుకున్నారు. గోడల వాలు చూస్తే ఢిల్లీలోని తుగ్లకాబాద్ గుర్తొస్తుంది, అందుకే తుగ్లకుల దర్బారు హాలు అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. లోపల చల్లగా ఉంటుంది. విరిగిన విగ్రహాలు గోడలకు ఆనించి పెట్టారు. అల్లుడు తన కథ మొదలుపెట్టింది ఆ హాల్లోనే.

అక్కడ 1323లో రాజుగారి వయసు ఏడేళ్లు. పేరు మాగ్నుస్ ఎరిక్సన్. వాళ్ల నాన్న ఎరిక్‌నూ, బాబాయినీ స్వయానా వాళ్ల అన్న, స్వీడన్ రాజు బిర్యేరే, 1317 చివర్లో విందుకని పిలిచి, నిద్రలో పట్టి, నేలమాళిగలో వేశాడు. ఇద్దరూ అక్కడే పోయారు. దేశం తిరగబడింది, బిర్యేర్ పారిపోయాడు. 1319లో మూడేళ్ల మాగ్నుస్‌ను ఉప్సలా దగ్గర మోరా రాయి వద్దకు తీసుకొచ్చి రాజుగా ఎన్నుకున్నారు. అదే ఏడు అతని అమ్మ తండ్రి, నార్వే రాజు ఐదో హాకోన్, కొడుకులు లేకుండా పోవడంతో నార్వే కిరీటం కూడా ఈ మనవడికే వచ్చింది.

“దౌహిత్రుడు,” అన్నాడు సార్ టక్కున. “మన ప్రతాపరుద్రుడు కూడ గట్లనే. రుద్రమ బిడ్డ ముమ్మడమ్మ కొడుకు.”

ఈ పోలిక యాదృచ్ఛికమే గానీ బరువైనది. కూతురి కొడుక్కి రాజ్యం ఇవ్వాలంటే ముందుగా ఎవరో ఒకరు గట్టిగా నిలబడాలి. హాకోన్ 1302లోనే వారసత్వ చట్టం మార్చి కూతురి దారి తెరిచాడు. రుద్రమదేవి మనవణ్ణి దత్తు తీసుకుని పక్కన కూర్చోబెట్టుకుంది, ఆమె 1289లో పోయిందని చందుపట్ల శాసనాన్ని బట్టి తెలుస్తుంది, తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరాడుతూ ప్రాణం విడిచిందని చరిత్రకారుల ఊహ.

తేడా ఆ తర్వాత మొదలవుతుంది. మోరా రాయి దగ్గర స్వీడన్ పెద్దలు పసివాణ్ణి ఊరికే రాజును చేయలేదు. రాజు తరఫున ఒక హక్కుల పత్రం రాసి ఇచ్చారు. సభ ఒప్పుకోకుండా కొత్త పన్నులు వేయకూడదు, విచారణ లేకుండా ఎవర్నీ బంధించకూడదు, ఈ తరహా మాటలు అందులో ఉన్నాయి. బిర్యేర్ చేసిన పనికి జవాబు అది. పిల్లవాడి అమ్మ ఇంగెబోర్గ్ పద్దెనిమిదేళ్లకే రెండు రాజ్యాల పెత్తనం చేతిలోకి తీసుకుంది. రాజముద్ర ఆమె దగ్గరే. దానితో డెన్మార్క్ నుంచి స్కానియా ప్రాంతాన్ని లాక్కోవాలని సొంత పథకాలు వేసింది. 1322లో స్వీడన్ సభ ఆమెను కట్టడి చేసింది. 1323 ఫిబ్రవరిలో నార్వే పెద్దలు ముద్రే లాక్కుని ఎర్లింగ్ విద్కున్సన్ అనే దొరకు పెత్తనం అప్పజెప్పారు. ఆ ఎర్లింగ్ సొంత జాగా బ్యార్కోయ్ దీవి మీద అదే ఏడు తూర్పు నుంచి వచ్చిన దండు పడి తగలబెట్టింది. పదవి దక్కిన ఏడాదే ఇల్లు కాలింది పాపం.

ఇరవై రెండేళ్ల ఇంగెబోర్గ్‌ను చూస్తే జాలి వేస్తుంది. మగవాళ్లు చేసినప్పుడు దిగ్విజయం అనిపించుకునే పని ఆమె చేస్తే దుర్వినియోగం అయింది. శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అని మగపేరు పెట్టుకున్న రుద్రమకు ఈ సంగతి ముందే తెలిసినట్టుంది.

సంధికి వద్దాం. స్వీడన్, నొవ్‌గొరొద్ ముప్పై ఏళ్లుగా ఫిన్లాండ్ తూర్పున కొట్టుకుంటున్నాయి. 1293లో స్వీడన్ వాళ్లు వీబోర్గ్ కోట కట్టారు. 1322లో నొవ్‌గొరొద్ తరఫున యూరీ ప్రభువు దాన్ని ముట్టడించి, పట్టలేక వెనక్కి వెళ్లాడు. మరుసటి ఏడే ఆ గింజకాయ దీవి మీద కోట కట్టాడు. నేవా నది గొంతు మీద కాలు పెట్టినట్టు అది. అయినా గెలుపు ఎవరిదీ కాలేదు, నష్టం మాత్రం ఇద్దరిదీ. నేవా మూసుకుపోతే సరుకు కదలదు. అందుకే సంధి కుదిరిన చోట గోట్లాండ్ దీవి నుంచి వచ్చిన వర్తకులు కూడా కూర్చుని ఉన్నారు. వాళ్లు లేకుంటే ఆ కాగితం పుట్టేదా అన్నది అనుమానమే.

కాగితంలో ఉన్నదేమిటి? నొవ్‌గొరొద్ మూడు కరేలియా ప్రాంతాలు స్వీడన్‌కు వదిలింది. హద్దు ఫలానా వాగు దగ్గర మొదలై ఉత్తరానికి పోతుంది. కరేలియాలో ఇద్దరిలో ఎవరూ కొత్త కోట కట్టకూడదు. వర్తకులకు అడ్డు లేదు. పారిపోయిన బానిసల్నీ, అప్పు ఎగ్గొట్టినవాళ్లనూ తిరిగి అప్పజెప్పాలి. రష్యన్ ప్రతిలో యూరీ ఏడేళ్ల మాగ్నుస్‌ను ‘సోదరుడు’ అని సంబోధించాడు. అసలు పత్రం ఇప్పుడు లేదు, తర్వాతి నకళ్లే మిగిలాయి. ఉత్తరాన హద్దు సరిగ్గా ఎక్కడ ఆగుతుందో తేలక పండితులు ఇప్పటికీ తగువాడుకుంటున్నారు. ఆ మంచు అడవుల్లో బతికే సామీ జనానికి తమ నేలమీద గీత పడిందని చెప్పిన నాథుడు లేడు.

సార్ అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడకు ఆనించిన విరిగిన నందిని చూస్తూ అన్నాడు. “సరుకు సంగతంటే మనోళ్లకు ఎరుక లేదా? మోటుపల్లి శాసనం ఏం చెప్తది?”

నిజమే. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకు రాజులు స్వాధీనం చేసుకోవడం అప్పటి ఆచారం. అది మానేశామని, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని విదేశీ వర్తకులకు మాట ఇచ్చాడు. నేవా సంధికి దాదాపు ఎనభై ఏళ్ల ముందు సంగతి. వర్తకం విలువ తెలియక ఓరుగల్లు పడలేదు. ఢిల్లీకి కావాల్సింది వర్తకం కాదు, ఏనుగులూ బంగారమూ. యుద్ధం ఆగితే ఇద్దరికీ లాభం ఉన్నచోట సంధి నిలుస్తుంది. ఆగితే ఒక్కరికే లాభం ఉన్నచోట అది కప్పం అవుతుంది, కప్పం కట్టేవాడు బలం చూసి ఆపుతాడు, పుచ్చుకునేవాడు బలం చూసి వస్తాడు. 1310 నుంచి 1323 దాకా జరిగింది అదే. ప్రతాపరుద్రుడి పిరికితనమనీ, నాయకుల వెన్నుపోటనీ చెప్పుకునే కథలు ఈ లెక్క ముందు తేలిపోతాయి.

ఇంకొక తేడా కూడా ఉంది, అది కొంచెం ఇబ్బందిపెడుతుంది. అక్కడ రాజు ఏడేళ్ల పిల్లవాడు, ఉన్నా లేకున్నా సభ నడుస్తోంది. ఇక్కడ రాజు పట్టుబడ్డాడు, వంశం అక్కడితో ఆగింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తరలించారు. దారిలో నర్మద ఒడ్డున కన్నుమూశాడని ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. 1423 నాటి రెడ్డి రాణి అనితల్లి కలువచేరు శాసనమైతే, తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడంటుంది. బందీగా ఢిల్లీ వీధుల్లో నడవడం ఇష్టంలేక ప్రాణం తీసుకున్నాడనే అర్థం చాలామంది తీస్తారు. రాజు పోయాడు గానీ నాయకులు పోలేదు. ప్రోలయ తర్వాత వచ్చిన కాపయనాయకుడి వెంట 75 మంది నాయకులు నిలిచారని కలువచేరు శాసనమే చెబుతోంది. 1336 ప్రాంతంలో వాళ్లు ఓరుగల్లును తిరిగి తీసుకున్నారు. సుల్తాన్‌పూర్ అన్న పేరు పదమూడేళ్లు నిలిచినట్టు. ఇక్కడా సభ లాంటిదొకటి ఉంది, దానికి కాగితం లేదు, అంతే.

ఓరుగల్లు నుంచి ఢిల్లీకి చేరినవాళ్లలో ఒకడి కథ వేరేలా నడిచింది. కాకతీయుల కొలువులో పనిచేసినవాడు, మతం మారి మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర ప్రధానమంత్రి స్థాయికి, ఖాన్-ఇ-జహాన్ బిరుదుకు ఎదిగాడు. చదవడం రాయడం రాదనీ, తెలివి మాత్రం అపారమనీ ఆ కాలపు చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. నిజాముద్దీన్ దర్గా దగ్గర అతని సమాధి ఎనిమిది పలకలుగా ఉంటుంది, ఢిల్లీలో ఆ తరహాకు తొలి ఉదాహరణల్లో అదొకటి. జనం దాన్ని తిలంగానీ సమాధి అంటారు. ఢిల్లీకి పని మీద వెళ్లే తెలుగువాళ్లలో ఎందరు దాన్ని చూస్తారో!

మధ్యాహ్నానికి ఇద్దరూ మట్టికోట మీదికి ఎక్కారు. వేపచెట్టు నీడలో సకినాల డబ్బా తెరిచారు. ఒకవైపు పత్తి ఏరేసిన చేను, ఇంకోవైపు కందకంలో నీళ్లు, ఆ వెనక కొత్త ఇళ్ల వరస. గోడ కొన్నిచోట్ల ఇళ్ల మధ్య కరిగిపోయినట్టుంది. ఏడు వందల ఏళ్ల కింద గుండు రాళ్లను తిప్పికొట్టిన మట్టి, ఇప్పుడు పునాది తవ్వే పారకు లొంగుతోంది.

“నువ్వు ఆ మోరా రాయిని చూసినవా?”

“చూసిన మామా. పొలాల నడుమ చిన్న రాతి ఇల్లు. 1770లో కట్టిండ్రట. లోపల రాతి ముక్కలున్నయి, రాజుల ఎన్నికలు చెక్కినవి. అసలు రాయి మాత్రం లేదు.”

“ఏమైంది?”

“పదహారో శతాబ్దంల పోయింది. ఎటు పోయిందో ఎవరికీ ఎరుక లేదు.”

గింజకాయ దీవి కోట తర్వాత చేతులు మారుతూ పోయింది. 1702లో పీటర్ చక్రవర్తి పట్టుకుని ‘తాళంచెవి కోట’ అని పేరు మార్చాడు. ఆపైన జైలయింది, లెనిన్ అన్న అలెగ్జాండర్‌ను 1887లో అక్కడే ఉరితీశారు. ఆనాటి సంధి గీత మాత్రం, ఎన్ని యుద్ధాలు జరిగినా, 1595లో తేయుసినా సంధి వచ్చేదాకా కాగితం మీద రద్దు కాలేదు.

ఖిల్లాకు వెళ్లేవాళ్లు తోరణాల దగ్గర ఫొటో దిగి ఆటో ఎక్కేయకండి. ఏకశిల గుట్ట ఎక్కండి, రాతికోట ద్వారాల మెలికల్లో నడవండి, ఓపికుంటే మట్టికోట దాకా వెళ్లండి. దాన్ని చూడటానికి టికెట్ లేదు. చలికాలం వెళ్తే మంచిది, ఎండల్లో రాయి కాలుతుంది.